కేసముద్రం బెంచీ మీద ఒడిబియ్యం మూట

మా షడ్డకుడు రైలెక్కే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఈ ఒక్క మాట ఒప్పుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

షడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. వాళ్లది భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి. బోరు మోటార్లు బాగుచేస్తాడు. మాది తరిగొప్పుల, కానీ గుమస్తా ఉద్యోగం వల్ల జనగామలో ఉంటాం. ఇద్దరికీ అత్తగారిల్లు కేసముద్రం. అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు రెండు కుటుంబాలూ ఒకే ప్యాసింజర్ ఎక్కేవి. వాళ్లు వరంగల్లో దిగి పరకాల బస్సు పట్టుకునేవారు, మేం జనగామదాకా రైల్లోనే వచ్చేవాళ్లం. ఏడేళ్ల కింద అలాంటి ఒక ప్రయాణంలో నా భార్య ఒడిబియ్యం మూట పోయింది. పోగొట్టింది మా షడ్డకుడని బంధువులంతా నమ్మారు. నమ్మించింది నేను. పోగొట్టిందీ నేనే.

ముందు ఆయన సంచి గురించి చెప్పాలి. ఎందుకంటే నా కుళ్లంతా అక్కడే మొదలైంది.

ఆయనకు ఒక్కటే సంచి. టార్పాలిన్ ముక్కతో దర్జీ దగ్గర కుట్టించుకున్నది, భుజానికి వెడల్పాటి పట్టీ. నాలుగు రోజులకైనా వారానికైనా అదే. రెండు జతల బట్టలు, ఒక లుంగీ, ఒక తువ్వాల, ఆయన భార్యవి మూడు చీరలు. అన్నీ గట్టిగా చుట్టలు చుట్టి నిలువునా పేర్చేవాడు. ఏది కావాలన్నా పక్కదాన్ని కదిలించకుండా చేతికొచ్చేది. పొలాల వెంట బైకు మీద పానాలు మోసుకు తిరిగే మనిషి కదా, ఏది పనికొస్తుందో ఏది ఊరికే బరువో ఆయన చేతికి తెలుసు. బయల్దేరే ముందు సంచి భుజాన వేసుకుని డాబా నిచ్చెన ఎక్కి దిగేవాడు. ఆయాసం వస్తే ఒక చీర తీసి అత్త చేతిలో పెట్టేవాడు.

"రైలు కాడ రెండు చేతులు ఖాళీ ఉండాలె అన్నా," అనేవాడు నాతో. "ఒకటి కడ్డి పట్టుకోనీకి, ఒకటి మా ఇంటామెను పైకి గుంజనీకి."

"గుంజకుంటె నేనెక్కనా?" అని మరదలు మూతి తిప్పేది.

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. లోపల మండేది.

మా సంగతి వేరు. అల్లుడన్నవాడు ఒట్టి చేతులతో పోతే విలువ ఉండదని మా నాయన మాట. నేను దాన్ని సామాను లెక్కన అర్థం చేసుకున్నాను. పెద్ద సూట్‌కేసు, బట్టల బ్యాగు, నా దిండు, దుప్పట్లు, నీళ్ల క్యాను, టిఫిన్ గిన్నె. నేను కేసముద్రంలో దిగుతున్నానంటే మా బావమరిది పని వదిలేసి ఆటో తీసుకురావాల్సిందే. "పెద్దబావ వస్తుండంటె కాపురమే దిగుతున్నట్టు," అనేవాడు. అదే రైలుకు వచ్చిన షడ్డకుడు అప్పటికే నడిచి ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, అత్త చేతి చాయ తాగుతుండేవాడు. తొవ్వలో ఎవరో ముసలమ్మ గంప కూడా మోసి ఇచ్చి ఉండేవాడు. ఆ ముసలమ్మ సాయంత్రానికి వచ్చి మరీ చెప్పిపోయేది, మీ చిన్నల్లుడు బంగారమని. పెద్దల్లుడి గురించి చెప్పడానికి ఎవరూ రాలేదు.

ఓర్వలేకే నాలుగు చక్రాల సూట్‌కేసు కొన్నాను. మెరూన్ రంగు, నా నడుము దాకా ఎత్తు. చక్రాలుంటే నేనూ ఆయనలాగే హాయిగా నడిచి పోతాననుకున్నాను. జనగామ ప్లాట్‌ఫారం మీద బాగానే దొర్లింది. కేసముద్రంలో మార్కెట్ దారి పట్టగానే నిలిచిపోయింది. అది పత్తి సీజను. ట్రాక్టర్ల మీంచి రాలిన దూది రోడ్డంతా పరుచుకుని ఉంటుంది. ఆ దూది నాలుగు చక్రాల ఇరుసులకూ చుట్టుకుని బిగిసిపోయింది. ఇంటిదాకా దాన్ని కాళ్లు చచ్చిన దూడను ఈడ్చినట్టు ఈడ్చాను.

మా షడ్డకుడు వాకిట్లో దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో దూది పీకుతూ కూర్చున్నాడు. చుట్టూ ఆడవాళ్లు. "అన్నా, దీనికి నాలుగు కాళ్లున్నయ్ గని నడకనే రాదు," అన్నాడు.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. ఆ నవ్వుకు నేను ఆయన్ను క్షమించలేదు. ఆయన నా చక్రాలు బాగుచేస్తున్నాడన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆ ప్రయాణం ఒడిబియ్యం కోసమే. ఆడపిల్లలకు పుట్టింటివాళ్లు బేసి ఏడాదుల్లో ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యంలో కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, పోకలు వేసి ముత్తయిదువలు దోసిళ్లతో ఒడి నింపుతారు. ఆ బియ్యం మెట్టినింటికి తీసుకుపోయి, వండి, పదిమందికి పెట్టాలి. పుట్టింటి చలువంతా ఆ మూటలో ఉంటుందని మా ఇళ్లలో ఆడవాళ్ల నమ్మకం. దానికితోడు మా అత్త పట్టింపు ఒకటి. మూటను వేరే సామానులో కలపొద్దు, ఇల్లు చేరేదాకా కింద పెట్టొద్దు, చేతిలోనే పోవాలి. ఆ ఏడు అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకే రోజు, ఒకే కొలతతో పోసింది. రెండు మూటలూ ఒకేరకం పసుపు తువ్వాలల్లో కట్టింది.

బయల్దేరే రోజు పొద్దున నా సామాను ఎనిమిదికి చేరింది. వచ్చినప్పటివి కాక అత్త ఇచ్చిన కందుల సంచి, తొక్కు జాడీ. షడ్డకుడు వాటిని చూసి తల గోక్కున్నాడు.

"అన్నా, జర ఒక మాట. కందులు, జాడి, దిండు ఈడనే పెట్టు. నేను వచ్చే నెల హన్మకొండకు వస్త, అటే జనగామకు తెచ్చిస్త. వదినె చంకల పాప ఉంటది. మూట నీ చేతిలనే ఉండాలె గద, మరి ఇవన్ని ఎవరు పట్టాలె?"

అందులో ఒక్కటంటే ఒక్క తప్పు మాట లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది.

"నా సామాను నేను మోసుకుంట తమ్మీ. నువ్వేం పరేషాన్ గాకు," అన్నాను.

ప్యాసింజర్ కేసముద్రంలో ఎక్కువసేపు ఆగదు. వచ్చేసరికే జనరల్ పెట్టెల తలుపుల దగ్గర జనం వేలాడుతున్నారు. షడ్డకుడు సంచి భుజాన, తమ మూట ఎడమచేత పట్టుకుని ఎక్కేశాడు. భార్యను ఎక్కించాడు. వెనక్కి తిరిగి, పాపతో ఉన్న నా భార్యను చెయ్యిచ్చి లాగాడు. అందరినీ లోపలికి పంపి తలుపు దగ్గర నిలబడి నా వైపు చెయ్యి చాపాడు.

సూట్‌కేసు ఎత్తాలంటే నాకు రెండు చేతులూ కావాలి. మూటను సిమెంటు బెంచీ మీద పెట్టాను. కింద పెట్టలేదు, బెంచీ మీదే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

"అన్నా, ముందుగాల మూట ఇయ్యి! మూట ఇయ్యి!" అని అరిచాడు.

నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. ఆయన చెప్పాడు కాబట్టే మూట ఇవ్వలేదు. సూట్‌కేసు తోశాను, దాని వెనక కందుల సంచి, బ్యాగు, దుప్పట్లు. ఆయన ఒక్కొక్కటీ అందుకుని లోపలికి నెడుతున్నాడు. జాడీ ఇచ్చేసరికి బండి కదిలింది. ఆయన సూట్‌కేసు జరపడానికి లోపలికి తిరిగాడు. నేను కడ్డీ పట్టుకుని ఎక్కాను. ఎక్కి వెనక్కి చూస్తే, బెంచీ మీద పసుపుపచ్చగా మూట.

దూకొచ్చు. గొలుసు లాగొచ్చు. కనీసం అరవొచ్చు. అత్తగారింటికి ఫోన్ చేస్తే మా బావమరిది పది నిమిషాల్లో స్టేషన్‌కు పోయేవాడు. ఇవన్నీ నాకు అప్పుడే తోచాయి. వాటితోపాటు, "చెప్పలే అన్నా నేను?" అని ఆయన అనబోయే మాట కూడా తోచింది. ఆ మాట వినడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను. నెక్కొండ దాటింది. వరంగల్ వచ్చింది. జనంలో ఆయన మా వైపు చెయ్యి ఊపి, "పోయొస్తం అన్నా, పోయొస్తం వదినె," అని భార్యతో దిగిపోయాడు.

బండి మళ్లీ కదిలాక నా భార్య సామాన్లు చూసుకుంది.

"మూటేది?"

"మీ మరిది చేతికిచ్చిన గద, తలుపుకాడ," అన్నాను.

ఇంత సులభంగా వచ్చింది ఆ అబద్ధం.

ఆమె వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. వాళ్లు పరకాల బస్సులో ఉన్నారు. అటు ఫోన్ ఆయన తీసుకున్నాడు, ఇటు నేను తీసుకున్నాను. "నా చేతికిచ్చినవా అన్నా?"

"మరి? నువ్వే గద మూట ఇయ్యి అని ఒర్రినవ్."

ఆయన మెల్లగా అన్నాడు. "ఒర్రింది నిజమే. సూట్‌కేసు అందుకున్నది యాదికున్నది, జాడి యాదికున్నది. మూట యాదికొస్తలేదు. గా తొక్కులాటల ఏమన్న జారిపోయిందో ఏమో. మీరు ఫికర్ చెయ్యకుర్రి, నేను మర్రిపోయి చూస్త."

భార్యను బస్సులోనే పంపి ఆయన అక్కడే దిగాడు. వరంగల్ వచ్చి, ఇంకో బండెక్కి కేసముద్రం పోయి, పట్టాల వెంట చాలా దూరం నడిచి వెతికాడట. బెంచీ ఖాళీగా ఉండి ఉంటుంది. మూట బెంచీ మీదే ఉండిపోయిందని ఆయనకు తెలియదు కదా.

మరునాడు జనగామలో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో చిన్న పసుపు మూట.

"వదినె, మీ చెల్లె పంపింది. తన ఒడిబియ్యంల సగం. అవ్వ పోసిన బియ్యమే గద, ఒక్కటే కుండలవి. నువ్వు సగం, తను సగం వండుకోవాలన్నది."

ఇంత మంచిగా ఒక మనిషి ఉండగలడా అని నాకు గుండెలో ముల్లు దిగినట్టయింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోరు తెరిచేలోపే నా భార్య అన్నది:

"దొర్కిందా మూట?"

"లేదు వదినె. ఇది మాదే, మా మూటలది."

"మీదో మాదో ఎవలకు తెలుసు? రెండు తువ్వాలలు ఒక్కతీరుగనే ఉండె. సగం తెచ్చినవ్, మరి మిగిలింది వండుకున్నరా?"

ఆయన ముఖం నల్లబడింది. నా వైపు చూశాడు. నేను చెప్తానని చూశాడు. నేను పేపరు మడతపెట్టి, "పోనియ్యి, పోయింది పోయింది, లొల్లి ఎందుకు," అన్నాను. ఆ మాటతో ఆయన నేరం రుజువైపోయింది. మూట బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నా భార్య ఆ బియ్యం వండలేదు. గుళ్లో ఇచ్చేసింది.

ఆ తర్వాతి కథ కేసముద్రం అంతటికీ తెలుసు. అక్క చలువను చెల్లె ఇంట్లో వండుకున్నారని మాట పుట్టింది. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోవడం మానేశారు. మా అత్త తర్వాతి ఒడిబియ్యం ఇద్దరికీ వేరువేరు రోజుల్లో పోసింది. పెళ్లిళ్లలో ఎవరైనా సామాను అందించబోతే, "వానికియ్యకుర్రి, పోతది," అని పరాచికాలు. నాకేమో మంచి పేరొచ్చింది. "పెద్దల్లుడు ఓపికమంతుడు, పల్లెత్తు మాట అనలే," అన్నారు. పదేళ్లుగా నేను ఎదురుచూసిన పొగడ్త అది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, కొన్నాళ్లు తియ్యగానే ఉంది.

ఒకసారి మహబూబాబాద్ స్టేషన్‌లో ఆయన్ను దూరం నుంచి చూశాను. ఒక ముసలాయన రెండు బస్తాలతో పెట్టె ఎక్కలేక అవస్థపడుతున్నాడు. మా షడ్డకుడు పక్కనే ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పక్కకు జరిగాడు. నేను చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది. తెలిసి కూడా ఇంకో రెండేళ్లు ఊరుకున్నాను.

మొన్న మా బావమరిది మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. కొత్తింట్లో ఆడబిడ్డలిద్దరికీ కలిపి ఒడిబియ్యం పోయాలని పట్టుబట్టి పిలిచాడు. ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఎడమొహం పెడమొహంగా పీటల మీద కూర్చున్నారు. పక్కన మేమిద్దరం. ముత్తయిదువలు పోయడం పూర్తయింది. నా భార్య మేనత్త, నోరు ఊరుకోని మనిషి, అందరికీ వినబడేట్టు అన్నది:

"మూటల మీద గుర్తులు పెట్టుర్రే. తొవ్వల రెండు ఒక్కతాన కలుస్తయ్!"

ఇల్లంతా నవ్వింది. మా షడ్డకుడు నవ్వుతున్నట్టు పెదాలు సాగదీసి నేల చూశాడు. మరదలు నవ్వలేదు. ఒడిలో నింపిన బియ్యాన్ని దోసిలితో తీసి పళ్లెంలో పోయడం మొదలుపెట్టింది.

"ఏందే గిది?" అని మా అత్త లబలబలాడింది.

"నాకొద్దవ్వా. నా ఒడి ఖాళీగనే ఉండనీ. ఈ బియ్యం కాడికెళ్లి నా మొగడు దొంగయిండు. ఇగ మీ ఇంటి గింజ నాకొద్దు."

పోసిన ఒడిబియ్యం తిరిగి పోయడమంటే పుట్టిల్లు వద్దనుకోవడమే. రెండో దోసిలి లేస్తుండగా నేను లేచి నిలబడ్డాను.

"ఆపు బిడ్డా. మూట ఆయనకు నేనియ్యలే. బెంచి మీద పెట్టి మరిచిన. బండి కదిలినంక చూసిన గుడ. చూసి చెప్పలే."

బయట వంటవాళ్ల గిన్నెల చప్పుడు వినిపించింది.

"ఎందుకు చెప్పలే?" అన్నది నా భార్య.

"ఆయనంటె కుళ్లు నాకు."

ఆమె నన్ను పెళ్లయిన ఇన్నేళ్లలో చూడనట్టుగా చూసింది. "నా మరిదిని దొంగను జేసినవ్. నాతోని గా మాటలనిపిచ్చినవ్. సగం బియ్యం తెస్తె..." పీట మీంచే చెల్లెలి వైపు జరిగి, పళ్లెంలో పోసిన బియ్యాన్ని మళ్లీ ఆమె ఒడిలోకి ఎత్తసాగింది. చెల్లెలు చాలాసేపు ఒడి పట్టలేదు. తర్వాత పట్టింది.

నాకు షడ్డకుడి మాటే కావాలి. లేచిపోయిన ఆయన వెనకే పెరట్లోకి పోయి పక్కన నిలబడ్డాను.

"ఏడేండ్ల సంది గా తలుపుకాడ్నే నిలవడ్డ అన్నా," అన్నాడు నన్ను చూడకుండా. "చేతికొచ్చిందా, రాలేదా. మోటరు బిగించినంక గుడ మల్ల ఇప్పి చూస్తున్న, బోల్టు పెట్టిన్నా లేదా అని. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. నువ్వేమో పేపరు సదువుకుంట కూసున్నవ్."

"తప్పయింది తమ్మీ."

"గీడ చెప్పినవ్, మంచిదే. మా ఊర్ల ఎవలకు తెలుస్తది? మా అవ్వకు ఎవలు చెప్తరు? పోయి చెప్పు. నేనుండ, నువ్వే చెప్పు."

తర్వాతి ఆదివారం మొగుళ్లపల్లి పోయాను. ఆయన అన్నట్టే ఇంట్లో లేడు, ఏదో చెలకలో మోటారు దింపడానికి పోయాడు. వాళ్లమ్మ అరుగు మీద పప్పు చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె చేట ఆపలేదు. అయిపోయాక ఒక్కటే అడిగింది.

"మా వాడు తియ్యలేదన్నట్టు?"

"తియ్యలే అవ్వా."

"పోగొట్టలే గుడ?"

"లేదవ్వా. నేనే."

చేట పక్కన పెట్టి, నన్ను లేవమని చెయ్యి ఊపింది. పక్కింటికి తీసుకుపోయింది. "ఓ పిల్లా, ఇగో మా కోడలి బావ వచ్చిండు, ఒక ముచ్చట చెప్తడట, ఇను." చెప్పాను. అక్కణ్నుంచి ఎదురింటికి. అక్కడ మధ్యలో నోరు తడారి నీళ్లడిగితే ఇచ్చారు, చెప్పడం మాత్రం మాననివ్వలేదు. మూడో ఇంట్లో ఒకాయన, "వాళ్లవ్వ గిన్నేండ్లు పెండ్లిళ్లకే పోలే," అన్నాడు. అది నాకు తెలియదు. ప్రతి ఇంట్లోనూ ఆమె నా పక్కనే నిలబడి, కొడుకు పేరు వచ్చినప్పుడల్లా తల కొంచెం పైకెత్తేది. నా కోసం అలా ఇంటింటికీ తిరిగేవాళ్లు ఎవరున్నారని అక్కడ కూడా నాకు అసూయ పుట్టింది. ఈ బుద్ధి పోయిందని నేను చెప్పను.

నాలుగో ఇంట్లో మగమనిషి పత్తి చేనుకు పోయాడన్నారు. పొద్దు వంగుతోంది. ఆఖరి బస్సు వెళ్లిపోతుందని మెల్లగా అన్నాను. అవ్వ అరుగు మీద చతికిలబడి, పక్కన నాకు చోటు చూపించింది.

"రానీ. ఆయనే అందరికంటె ఎక్కువ అన్నడు మా వాన్ని. ఆయన వచ్చినంక మొదట్ల నుంచి చెప్పాలె. నడిమిట్ల నుంచి కాదు."

కూర్చున్నాను.